పేర్లు కొన్న వకీలు

ఒరేయ్, కాస్త మంట వెలుగులోకి జరుగు. నీ చొక్కా గుండె మీద ఆ పక్షేంటో చూడనీ. పెంగ్విన్ కదూ? అనుకున్నా. మీ బాబాయి అమెరికా నుంచి పంపాడా? పంపుతాడు, వాడికి ఇలాంటివంటే మోజు. నిప్పురవ్వలు పడకుండా చూసుకో. ఆ పక్షి వెనకాల పెద్ద కథే ఉంది. నువ్వూ వినవే అమ్మడూ, ఫోను పక్కన పెట్టి.

మిన్నియాపొలిస్ అని అమెరికాలో చలి ఊరు ఒకటుంది. అక్కడ 1886లో లోదుస్తుల కంపెనీ ఒకటి పెట్టారు. ఆ చలికి ఉన్నితో చేసినవి వేసుకోక తప్పదు, వేసుకుంటే ఒళ్ళంతా దురద. జార్జ్ మన్సింగ్ అనేవాడు ఉన్ని దారం మీదికి పట్టు దారం వచ్చేలా అల్లించి ఆ దురద పోగొట్టాడు. అతని పేరు మీదే తర్వాత కంపెనీకి మన్సింగ్‌వేర్ అని పేరొచ్చింది. 1955లో గోల్ఫ్ ఆడేవాళ్ళ కోసం మెత్తటి కాలరు చొక్కా ఒకటి తీసి, దాని మీద ఈ పెంగ్విన్ బొమ్మ కుట్టారు. ఎందుకు కుట్టారూ అంటే ఒక కథ చెప్పుకుంటారు. కంపెనీ సేల్స్‌మన్ ఒకడు న్యూయార్కులో విమానం కోసం కాచుకుంటూ నాలుగు గుక్కలు ఎక్కువే వేసుకున్నాట్ట. ఆ హుషారులో, చచ్చిన జంతువుల్ని గడ్డి కూరి నిలబెట్టే కొట్టుకెళ్ళి ఒక పెంగ్విన్‌ని కొన్నాట్ట. విమానంలో దాని తల కాస్తా ఊడింది. ఎయిర్‌హోస్టెస్ టై ఒకటి తీసి దాని మెడకి బిగించిందట. ఇంత దర్జాగా ఉన్న పక్షి చొక్కా మీదికెక్కాల్సిందే అని అక్కడే తేల్చేశారట. ఇందులో నిజమెంతో ఆ పక్షికే తెలియాలి.

పక్షి సంగతి అలా ఉంచు. నీకు చెప్పాలనుకున్నది ఆ పక్షిని కొన్నవాడి సంగతి. ఆ సేల్స్‌మన్ కాదు, నలభై ఏళ్ళ తర్వాత పక్షిని, పేరుని, హక్కుల్ని కాగితాలతో సహా కొన్నవాడు. నేయడం, రంగులేయడం, కత్తిరించడం, ఇవేవీ కులవృత్తిగా వచ్చినవాడు కాదు. వకీలు. పేరు జార్జ్ ఫెల్డెన్‌క్రైస్. నోరు తిరగలేదా? నాకూ చాన్నాళ్ళు తిరగలేదు. నేను మద్రాసులో ఎగుమతుల ఆఫీసులో గుమాస్తాగా ఉన్నప్పుడు పీటల మీద కూచుని తాన్లు లెక్కపెట్టేవాళ్ళం. గుడ్డ మనది, గళ్ళు మనవి, కుట్టు మనది. ఆఖర్న ఎక్కడో అచ్చయిన లేబుళ్ళు డబ్బాల్లో వచ్చేవి. వాటి మీద ఉండే పేర్లు ఎవరివిరా అని అప్పట్నించీ నాకొక యావ. ఆ యావతోనే ఇతని కథ పట్టుకున్నా.

క్యూబా అని ఒక దీవి. ఫ్లోరిడాకి దక్షిణాన, తొంభై మైళ్ళే దూరం. దాని రాజధాని హవానా. తూర్పు యూరప్‌లో బతకలేక వచ్చిన యూదుల కుటుంబంలో అక్కడ పుట్టాడు ఇతను. అసలు ఆ యూదుల్లో చాలామంది క్యూబాలో ఉండాలని వచ్చినవాళ్ళు కారు. అమెరికా వెళ్ళాలనే వచ్చారు. 1920లలో అమెరికా వాళ్ళు ఏ దేశం నుంచి ఎంతమంది రావచ్చో కోటాలు పెట్టి తలుపులు మూసేశారు. సరే, కొన్నాళ్ళు ఇక్కడ తలదాచుకుని తర్వాత అటు దాటుదాం అనుకున్నారు. ఆ కొన్నాళ్ళు ముప్పై నలభై ఏళ్ళయ్యాయి. ఏ దేశం నుంచి వచ్చినా హవానా వాళ్ళు వాళ్ళందర్నీ ‘పోలాకో’లనే పిలిచేవాళ్ళు, పోలండు మొహం చూడనివాణ్ణి కూడా. భాష రాదు, చేతిలో డబ్బు లేదు. మెడలో టైలు వేలాడేసుకుని, భుజం మీద గుడ్డల మూట పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మారు. కాస్త నిలదొక్కుకున్నాక మురాయా అనే వీధిలో గుడ్డల కొట్లు, కుట్టు ఖార్ఖానాలు పెట్టారు. హవానా పాతబస్తీలో ఆ వీధంతా బట్టల వాసనే.

1939లో సెయింట్ లూయిస్ అనే ఓడ హవానా రేవుకొచ్చింది. హిట్లర్ బారిన పడకుండా తప్పించుకొచ్చిన యూదులు అందులో తొమ్మిది వందల పైచిలుకు. పాతిక ముప్పై మందిని తప్ప క్యూబా వాళ్ళు దిగనివ్వలేదు. ఓడ ఫ్లోరిడా ఒడ్డు దాకా వెళ్ళింది. రాత్రిపూట మయామీ దీపాలు కనపడేంత దగ్గరికి. అమెరికా కూడా రానివ్వలేదు. తిరిగి యూరప్ పోయింది. వాళ్ళలో 254 మంది తర్వాత ఆ మారణకాండలో పోయారని లెక్క తేలింది. ఫెల్డెన్‌క్రైస్ అప్పటికి పసివాడు. అలాంటి ఓడని రేవులో చూసి ఏమీ చేయలేకపోయిన జనం మధ్య పెరిగాడు. ఇది మనసులో పెట్టుకోండి, ఆఖర్న పనికొస్తుంది.

పిల్లాణ్ణి చదివించారు. హవానా విశ్వవిద్యాలయంలో లా పట్టా. ఆ కాలేజీ ముందు పెద్ద రాతిమెట్ల వరస ఉంటుంది, దేశమంతటికీ పేరున్న మెట్లు. తమాషా ఏంటంటే ఆ మెట్లెక్కి, అదే లా చదివి, 1950లో పట్టా పుచ్చుకుని బయటికొచ్చినవాడు ఇంకొకడున్నాడు. ఫిడెల్ కాస్ట్రో. ఒక కాలేజీ, ఒక చదువు. ఒక వకీలు చేసిన చట్టాల వల్ల ఇంకో వకీలు ఊరొదలాల్సొచ్చింది.

1959 జనవరికి కాస్ట్రో తిరుగుబాటు చేసి గెలిచాడు. నేనేమీ అతన్ని తిట్టడం లేదు. మన చీరాలలో కమ్యూనిస్టుల ఊరేగింపులో జెండా పట్టుకున్నవాణ్ణే నేను. బాటిస్టా అనే నియంత కింద ఆ దేశంలో పేదవాడి బతుకెలా ఉండేదో చదివా. కానీ చిన్న కొట్టు పెట్టుకున్నవాడి కథ వేరు. 1960 అక్టోబర్‌లో ఒక్క చట్టంతో 382 పెద్ద కంపెనీల్ని ప్రభుత్వం తీసేసుకుంది. ఆ నెల్లోనే అద్దె ఇళ్ళు కూడా. తర్వాత్తర్వాత చిన్న కొట్లదాకా వచ్చింది. యూదులు అప్పటికి పదిహేను వేల మంది ఉండేవాళ్ళంటారు, కొద్దేళ్ళలో చాలావరకు ఖాళీ. మతం మీద కసితో వాళ్ళని తరిమిందేమీ లేదు, ఆ మాట చెప్పి తీరాలి. వాళ్ళ బతుకంతా వ్యాపారం మీద, ఆ వ్యాపారమే లేకుండా పోయింది. ఇక వకీళ్ళ సంగతంటావా, ఆస్తులే లేనప్పుడు దావాలెక్కడివి? 1970లలో సొంతంగా ప్రాక్టీసు పెట్టుకునే పద్ధతే తీసేశారక్కడ.

1961లో ఇతను మయామీలో దిగాడు. కడుపుతో ఉన్న భార్య, చంకలో ఏడాది పిల్లాడు, జేబులో 700 డాలర్లు. అంతే ఆస్తి. అప్పటికే అమెరికా క్యూబాతో సంబంధాలు తెంచుకుంది, ఆ ఏప్రిల్లో కాస్ట్రోని దించాలని అమెరికా చేయించిన బే ఆఫ్ పిగ్స్ దండయాత్ర బెడిసికొట్టింది. వచ్చినవాళ్ళంతా ఆర్నెల్లలో కాస్ట్రో పడిపోతాడు, మనం వెనక్కెళ్ళిపోతాం అనుకున్నారు. కొందరు పెట్టెలు కూడా విప్పలేదట.

మనూళ్ళో మా నాయన ఇలాంటి మాటే చెప్పేవాడు. 1921లో మున్సిపాలిటీ పన్ను కట్టేది లేదని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద చీరాల, పేరాల జనమంతా ఊరొదిలి పొలాల్లో పాకలేసుకున్నారు. రామనగర్ అని పేరెట్టారు. మగ్గాలతో సహా. రేపో మాపో సర్కారు దిగొస్తుందని పదకొండు నెలలు ఎండా వానా భరించారు. తేడా ఏంటంటే మనవాళ్ళకి సొంతిళ్ళు కనపడుతూనే ఉన్నాయి, తిరిగొచ్చి అందులోనే కాపురం పెట్టారు. క్యూబా వాళ్ళకి తొంభై మైళ్ళ సముద్రం అడ్డమొచ్చింది.

ఇప్పుడు ఈ లా చదివినవాడు మయామీలో ఏం చెయ్యాలి? డాక్టరు ఎక్కడికెళ్ళినా డాక్టరే. పరీక్షో రెండో రాయించుకుంటారు, రోగం మాత్రం రోగమే. వకీలు చదువు అలా కాదు. క్యూబా చట్టాలు స్పెయిన్ నుంచి వచ్చిన స్మృతుల మీద కట్టినవి. ఫ్లోరిడా చట్టం ఇంగ్లీషువాళ్ళ పద్ధతి, పాత తీర్పుల మీద నడిచేది, మన కోర్టుల్లాగా. సముద్రం దాటగానే ఐదేళ్ళ చదువు చిత్తుకాగితమైంది. పేరున్న వకీళ్ళు హోటళ్ళలో గిన్నెలు కడిగారు, లిఫ్టులు నడిపారు, కార్లు పార్కు చేశారు. ఓ పన్నెండేళ్ళయ్యాక గానీ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ క్యూబా వకీళ్ళకని ప్రత్యేకం తరగతులు పెట్టి బార్ పరీక్షకి దారి చూపలేదు. అప్పటికి చాలామందికి వెంట్రుకలు నెరిశాయి.

ఇతను అందాకా ఆగలేదు. కార్ల విడిభాగాలు బయటి దేశాల నుంచి తెప్పించి అమ్మడం మొదలెట్టాడు. ఆ కంపెనీ పేరు కార్ఫెల్. చాలా ఏళ్ళు నడిచింది అది. తర్వాత 1967లో సుప్రీం ఇంటర్నేషనల్ అని బట్టల వ్యాపారం. ఏం అమ్మాడనుకున్నారు? గుయాబేరా.

ఇది చెప్పాలి, ఎందుకంటే గుడ్డ తెలిసినవాడికి ఆ చొక్కా చూస్తే ముచ్చటేస్తుంది. ముందువైపు నాలుగు జేబులు, రొమ్ము మీద రెండు, కింద రెండు. పైనుంచి కిందిదాకా సన్నసన్నగా కుట్టిన మడతలు, రెండు వరసలు ముందు, వెనకాల వీపు మీద ఇంకా. నారగుడ్డతోనో నూలుతోనో, ఎక్కువగా తెల్లది. ప్యాంటులోకి దోపరు, బయటికే వదిలేస్తారు. ఉక్క ఎక్కువగా ఉండే దేశం కదా, గాలాడాలి. అయినా మర్యాదకి లోటు లేదు. పెళ్ళికీ వేసుకోవచ్చు, కోర్టుకీ వేసుకోవచ్చు, చుట్ట జేబులో పెట్టుకుని అరుగు మీద కూచోనూ వచ్చు. ఆ మడతలు తిన్నగా రావాలంటే దర్జీకి చెయ్యి కుదరాలి. ఒక్క వరస వంకర పోయిందా, చొక్కా మొత్తం వంకరగా కనిపిస్తుంది.

మయామీ నిండా ఊరొదిలొచ్చిన క్యూబా వాళ్ళు. ఇల్లు పోయింది, ఉద్యోగం పోయింది, ఆ చొక్కా ఒక్కటీ ఒంటి మీదికి తెచ్చుకోగలరు. కొనరా మరి? వ్యాపారంలో ఇతని మొదటి తెలివి ఇదే అంటాను నేను. కొత్త దేశం వాళ్ళకి ఏం కావాలా అని వెతకలేదు, తనవాళ్ళకి ఏం పోయిందో తనకే తెలుసు. ఇక్కడో వింత. కాస్ట్రో ఎప్పుడూ ఆకుపచ్చ మిలిటరీ బట్టల్లోనే కనపడేవాడా, 1994లో కొలంబియాలో జరిగిన సమావేశానికి గుయాబేరా వేసుకొచ్చి అందర్నీ ఆశ్చర్యపరిచాడు. 2010లో ఆ ప్రభుత్వం దాన్ని అధికారిక విందులకి వేసుకోవాల్సిన దుస్తుగా ప్రకటించింది. తరిమినవాడిదీ, వెళ్ళిపోయినవాడిదీ చొక్కా ఒకటే.

ఇంతవరకూ అయితే ఇది మామూలు కథే. వలసొచ్చినవాడు కష్టపడి కొట్టు పెట్టాడు, బాగుపడ్డాడు. అలాంటివాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. నాకు ఆసక్తి పుట్టించింది ఆ తర్వాతి ముక్క.

కొడుకు చేతికందొచ్చాడు. అదే, చంకనెత్తుకొచ్చిన ఆ ఏడాది పిల్లాడే, ఆస్కార్. ఇద్దరూ కలిసి పెంచారు. 1993లో కంపెనీ షేర్లు మార్కెట్లో పెట్టారు. ఆ డబ్బుతో ఇంకెవడైనా అయితే ఏం చేస్తాడు? ఫ్యాక్టరీ కడతాడు, మిషన్లు కొంటాడు. ఇతను పేర్లు కొన్నాడు.

అర్థం కాలేదా? చెప్తా విను. మన్సింగ్‌వేర్ సంగతి ముందు చెప్పాను కదా, 1991కి ఆ కంపెనీ దివాలా దాకా వెళ్ళొచ్చింది. మిల్లు పాతబడుతుంది, మిషన్లు తుప్పు పడతాయి, పనివాళ్ళు చెదిరిపోతారు. కానీ గుండె మీద పెంగ్విన్ ఉన్న చొక్కా తన చిన్నప్పుడు తండ్రి వేసుకుని గోల్ఫ్ ఆడాడని గుర్తున్నవాళ్ళు అమెరికాలో లక్షల మంది. ఆ గుర్తుకి తుప్పు పట్టదు. 1996లో ఇతను కొన్నది ఆ గుర్తుని. దాన్ని కొన్నేళ్ళు మాగబెట్టి, 2003లో ఒరిజినల్ పెంగ్విన్ అని కుర్రాళ్ళ ఫ్యాషన్‌గా మళ్ళీ వదిలారు. అదిగో, ఆ వరసదే నీ చొక్కా.

తర్వాత 1999. పెర్రీ ఎల్లిస్ అని వర్జీనియా నుంచి వచ్చిన డిజైనరుండేవాడు. సొంత పేరుతో బట్టలు తీసి, ఎనిమిదేళ్ళలో అమెరికా ఫ్యాషన్‌లో పెద్ద పేరు సంపాదించి, 1986లో నలభై ఆరేళ్ళకే పోయాడు. మనిషి పోయినా పేరుకి గిరాకీ ఉంది. ఆ పేరుని సుమారు 75 మిలియన్ డాలర్లకి కొన్నాడు మన వకీలు. కొని ఊరుకున్నాడా, సుప్రీం అనే తన కంపెనీ పేరు తీసేసి పెర్రీ ఎల్లిస్ ఇంటర్నేషనల్ అని పెట్టేశాడు. కొన్న పేరు కింద తన పేరు తనే కప్పెట్టుకున్నాడన్నమాట.

ఇందులో కీలకం లైసెన్సు. పేరు నాది. నా పేరుతో నువ్వు బెల్టులు చేసుకో, నువ్వు సెంట్లు చేసుకో, నువ్వు జపాన్‌లో చొక్కాలు అమ్ముకో. అమ్మకంలో నూటికింత నాకు కట్టు. పొలం కౌలుకిచ్చినట్టే, పంట ఎండినా పండినా కౌలు తప్పదు. ఆ ఒప్పందం రాయడం మాత్రం మహా గట్టి పని. ఏ దేశాల్లో, ఏ సరుకు మీద, ఎన్నేళ్ళు, కనీసం ఎంత కట్టాలి, నాణ్యత తగ్గితే ఎవరు చూడాలి, కట్టకపోతే పేరు ఎలా వెనక్కి లాక్కోవాలి. ప్రతి మాటకీ విలువుంటుంది, ప్రతి కామా దగ్గరా గొయ్యి ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, ఇది బట్టల వ్యాపారమా, వకాల్తా పనా? అందరూ అతను లా వదిలేసి బట్టల్లోకి వెళ్ళాడంటారు. నేనొప్పుకోను. ఫ్లోరిడా కోర్టు లోపలికి రానివ్వకపోతే కోర్టు బయటే వకాల్తా నడిపాడు, అంతే.

ఇంకో మెలిక చూడు. పెర్రీ ఎల్లిస్ పేరు మీద మగవాళ్ళ బట్టలు కుట్టించి అమ్మే హక్కు శాలంట్ అనే పాత కంపెనీ చేతిలో ఉంది. పేరు ఇతనిది, కుట్టు వాళ్ళది. 2003లో ఆ శాలంట్‌నే కొనేశాడు. ముందు పేరు కొని, ఆ పేరు మీద బతుకుతున్నవాణ్ణి తర్వాత కొన్నాడు. వరస తారుమారైతే ధర ఎక్కడికో పోయేది. అంతకు ముందేడు జాన్‌ట్సెన్ కొన్నాడు. నీళ్ళలోకి దూకుతున్న ఎర్ర ఈతదుస్తుల అమ్మాయి బొమ్మ, ఆరెగాన్‌లో పుట్టిన ఈతబట్టల కంపెనీ. కుబావేరా అని గుయాబేరాల వరస ఒకటి సొంతంగా పెట్టాడు. ఒక్కొక్క పేరూ ఏదో ఒక ఊళ్ళో, ఎవరో ఒకరి కష్టంతో పుట్టింది. అన్నీ వచ్చి మయామీలో ఒక్క బీరువాలో చేరాయి.

మనవాళ్ళకి ఈ కిటుకు తెలియక ఏం పోయిందో చెప్తే మీకు కోపమొస్తుంది. మన చీరాల గుంట మగ్గాల మీద నేసిన గళ్ళ రుమాళ్ళు బేళ్ళకి బేళ్ళు మద్రాసు వెళ్ళి, అక్కణ్ణించి ఓడెక్కి పడమటి ఆఫ్రికా వెళ్ళేవి. నైజీరియాలో కలబారి అనే జాతి వాళ్ళకి ఆ గుడ్డ లేకపోతే పెళ్ళి లేదు, చావు లేదు. వాళ్ళ ఆడవాళ్ళు బ్లేడు పెట్టి మన గళ్ళలోంచి ఒక్కొక్క పోగూ కోసి లాగేసి, దాని మీదే కొత్త డిజైను పుట్టిస్తారు. పేకలో ఎక్కడ ఏ పోగుందో మన నేతగాడికి తెలిసినంత బాగా వాళ్ళకీ తెలుసు. ఆ గుడ్డకి వ్యాపారంలో పేరేంటి? రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్. చీరాల అనే మాట ఎక్కడుంది అందులో? రేవు పేరు గుడ్డకెక్కింది. నాడె ఆడించినవాడి ఊరు పేరు బేలు మీద కూడా లేదు. నైజీరియా వాళ్ళు దిగుమతులు బిగించినప్పుడల్లా ఇక్కడ మగ్గాలు ఆగేవి. మద్రాసుకేం పోయింది?

సరే, దారి తప్పాను. డబ్బు బాగానే చేరింది. అమెరికా వెళ్ళి 700 డాలర్లతో మొదలెట్టినవాడి కంపెనీకి 2018లో ధర కడితే 437 మిలియన్ డాలర్లు. ఎవరు కట్టారా ధర? ఇతనే. 2016లో సీఈఓ కుర్చీ ఆస్కార్‌కి అప్పగించాడు. కంపెనీ మాత్రం షేర్‌హోల్డర్లది, బోర్డుది. వాళ్ళకీ ఇతనికీ ఎప్పుడూ ఒక మాట మీద ఉండటం కుదరదు కదా. ఎనభై దాటిన మనిషి, షేరుకి 27 డాలర్ల 50 సెంట్లు ఇస్తాను, కంపెనీ మొత్తం నాకే అమ్మండన్నాడు. ఇంకొకళ్ళు కాస్త ఎక్కువిస్తామని పోటీకొచ్చారు. ఆఖరికి బోర్డు ఇతనికే ఇచ్చింది. ఒకప్పుడు తనే మార్కెట్లో అమ్మిన షేర్లు మళ్ళీ తనే కొని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ వయసులో అంత అప్పు నెత్తికెత్తుకోవడం నాకైతే తెలివనిపించలేదు. పేర్లు కొనడం అలవాటైనవాడికి తన సొంత కంపెనీ ఇంకొకడి చేతిలోకి పోతుంటే ఊరుకోబుద్ధి కాలేదేమో.

దానధర్మాల మాట అడుగుతావనుకున్నానే అమ్మడూ. చేశాడు. మయామీ విశ్వవిద్యాలయానికి ట్రస్టీగా ఉన్నాడు, అక్కడ యూదుల చరిత్ర, సంస్కృతి చదివే విభాగానికి డబ్బిచ్చాడు. దాని పేరు జార్జ్ ఫెల్డెన్‌క్రైస్ ప్రోగ్రాం. గమనించావా? జన్మంతా బట్టల వ్యాపారం చేశాడు, ఒక్క చొక్కా మీద తన పేరు వేసుకోలేదు. సుప్రీం అన్నాడు, పెర్రీ ఎల్లిస్ అన్నాడు, పెంగ్విన్ అన్నాడు. తన పేరు పెట్టుకున్నది చదువుకి. పేరు ఎక్కడ పెడితే ఎన్నాళ్ళుంటుందో లెక్కేసుకోవడం తెలిసినవాడే కదా. నేను దెప్పడం లేదు. సత్రానికీ, గుళ్ళో మెట్టుకీ ఇచ్చి పేరు చెక్కించుకున్నవాళ్ళు మన బజార్లో ఎంతమంది లేరు? మంచి పని మంచి పనే.

ఎవరికిచ్చాడన్నది చూస్తే ఆ ఓడ గుర్తొస్తుంది నాకు. మయామీ దీపాలు చూసి వెనక్కి పోయిన ఓడ. అదే మయామీ ఇరవై రెండేళ్ళ తర్వాత ఇతన్ని రానిచ్చింది. 1961లోనే క్యూబా నుంచి వచ్చిన యూదులు మయామీ బీచ్‌లో సొంతంగా క్యూబన్ హిబ్రూ కాంగ్రెగేషన్ అని ప్రార్థనల సంఘం పెట్టుకున్నారు. అక్కడి పాత యూదులతో కలవడం అంత తేలిగ్గా కాలేదు వీళ్ళకి. మాట్లాడేది స్పానిష్, తినేది నల్ల చిక్కుళ్ళు అన్నం, వాళ్ళకి వీళ్ళు క్యూబా వాళ్ళు, క్యూబా వాళ్ళకి వీళ్ళు పోలాకోలు. అలా రెండింటికీ చెడ్డవాళ్ళు ముందు చేసే పని, తమ కథని ఎవడో ఒకడు రాసిపెట్టే ఏర్పాటు చేసుకోవడం. ఆస్పత్రికిచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. చరిత్ర చదివే కుర్రాళ్ళకిచ్చేవాళ్ళు తక్కువ. ఆ ఒక్క విషయంలో ఇతనంటే నాకు గౌరవం.

కుట్టినవాళ్ళ మాటేంటి అంటున్నావా? అడగాల్సిన మాటే. పేరు కొన్నవాడికి వచ్చే లాభంలో కుట్టినమ్మకి దక్కేది ఎప్పుడూ అడుగున మిగిలిందే. ఇతను కొన్న పేర్లలో ఫారా అని ప్యాంట్ల పేరు ఒకటుంది, టెక్సస్‌లో ఎల్ పాసో ఊరిది. ఇతని చేతికి రావడానికి చాలా ముందు, 1972లో, అక్కడి నాలుగు వేల మంది పనివాళ్ళు, ఎక్కువమంది మెక్సికన్ అమెరికన్ ఆడవాళ్ళు, సంఘం పెట్టుకునే హక్కు కోసం సమ్మె చేశారు. ఆ ప్యాంట్లు కొనొద్దని దేశమంతా తిరిగి చెప్పారు. 1974కి గెలిచారు. తర్వాత ఆ కుట్టుపని మెల్లగా చవక దేశాలకి పోయింది, ఊళ్ళో పనులు పోయాయి, పేరు మాత్రం చేతులు మారుతూ మయామీ చేరింది. ఆ పేరుకి విలువ తెచ్చిన చేతుల్లో ఈ ఆడవాళ్ళవీ ఉన్నాయి. ఏ ఒప్పందంలో ఉంది వాళ్ళ వాటా? ఫెల్డెన్‌క్రైస్‌ని ఒక్కణ్ణే అనను, ఆ వ్యాపారం నడిచే తీరే అంత. కాకపోతే నేను లేబుళ్ళ డబ్బా విప్పినవాణ్ణి కాబట్టి నా కళ్ళు అటే పోతాయి.

తేలియా రుమాలు సంగతి చెప్పి ఆపేస్తా. నూలుని నూనెలో, బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, ఎరుపు, నలుపు అద్దకాలు వేసి నేసేవాళ్ళు. ఎన్ని ఉతుకులేసినా ఆ నూనె వాసన, ఆ చల్లదనం పోయేది కాదు. అరబ్బు దేశాల్లో ఎండకి తలకి చుట్టుకునేవాళ్ళు, నిజాం కాలంలో హైదరాబాదు జనానాల్లో ఓణీలుగా వేసుకునేవాళ్ళు. అది పుట్టింది మన చీరాలలో. 2020లో దానికి జీఐ గుర్తింపొచ్చింది. ఆ పేరు మీద హక్కు ఫలానా ఊరిదని సర్కారు రాసిచ్చే కాగితం. ఆ కాగితం మీద ఊరు పుట్టపాక, అవతల నల్గొండ వైపు. వాళ్ళని తప్పుపట్టను. మనవాళ్ళు మానేసినా వాళ్ళు చేత్తో నిలబెట్టారు, అర్జీ పెట్టుకున్నారు, తెచ్చుకున్నారు. మనూరి కోర్టు ఎదురుగా వకీళ్ళ బోర్డులు వరసగా కనపడతాయి. ఇంటి గట్టు తగాదా ఏదొచ్చినా ఆ బోర్డుల కిందికే పరిగెడతాం. రుమాలు కోసం ఆ మెట్లెక్కినవాడు మాత్రం మనలో ఒక్కడు లేడు.